మన పాత మానిటర్‌కి పట్టిన మచ్చ

ఒరేయ్ బావా,

ఫోన్‌లో చెప్తే సగంలోనే తిట్టడం మొదలుపెడతావని ఇలా రాస్తున్నా. మొత్తం చదివాకే తిట్టు. బ్రాడీపేట రూమ్‌లో ఉన్నప్పుడు మనిద్దరం చెరిసగం వేసుకుని కొన్న, వెనక లావుపాటి గాజు గొట్టం ఉండే 17 అంగుళాల మానిటర్ గుర్తుందిగా, రిక్షాలో నీ ఒళ్లో పెట్టుకుని తెచ్చావు, రెండ్రోజులు తొడలు పట్టేశాయని మూలిగావు. అది ఇంకా పనిచేస్తోంది. కొత్తది కొనొచ్చుగా అని మా ఆవిడ అంటూనే ఉంది. కానీ ఆ పాత డాస్ గేములు ఇప్పటి తెరల మీద ముద్దముద్దగా కనిపిస్తాయిరా, నాకు నచ్చదు, అంతే.

పోయిన ఆదివారం అక్కావాళ్లు వచ్చారు. మేనల్లుడికి ఎనిమిదేళ్లు. అటక మీదున్న పాడైన స్పీకర్ లాగి, దాని వెనక గుండ్రటి అయస్కాంతాన్ని ఊడబీకాడు. రోకలిబండ వాడాడని తర్వాత తెలిసింది. దాన్ని తెచ్చి, ఆన్‌లో ఉన్న మానిటర్ అద్దానికి ఆనించాడు. రంగులు సుడి తిరుగుతుంటే వాడికి సంబరం, "మామయ్యా, రా రా" అని కేకలు. నేను స్నానం ముగించి వచ్చేసరికి కుడివైపు పైమూల అరచేయంత మచ్చ, మధ్యలో ఆకుపచ్చ, చుట్టూ పసుపు నీళ్లలో సున్నం కలిపితే వస్తుందే, ఆ పారాణి రంగు. అయస్కాంతం తీసేసినా మచ్చ అక్కడే ఉంది. అక్క ముందు పిల్లాణ్ణి ఏమంటాం చెప్పు, నవ్వి ఊరుకున్నా.

అద్దం పాడైందేమో అనుకున్నా గానీ, దానికేమీ కాలేదు. అద్దం లోపల, కాస్త వెనగ్గా, సన్నటి ఇనప రేకు ఒకటి ఉంటుంది, జల్లెడలాగా లక్షల కన్నాలతో. వెనక గొట్టం మెడ దగ్గర్నుంచి వచ్చే మూడు ఎలక్ట్రాన్ పుంజాలు ఆ కన్నాల్లోంచి దూరి ఒకటి ఎరుపు చుక్క మీద, ఒకటి ఆకుపచ్చ మీద, ఒకటి నీలం మీద పడాలి. రేకుకి అయస్కాంత గుణం పట్టిందంటే పుంజం వెంట్రుకవాసి పక్కకి జరుగుతుంది, ఎరుపు మీద పడాల్సింది పక్క చుక్క మీద పడుతుంది. ఈ రేకు లేదు కాబట్టే పాత బ్లాక్ అండ్ వైట్ గొట్టాలకి ఈ మచ్చల గోల లేదు.

మెనూలో డీగాస్ అని ఉంటుందిగా, మనం ఊరికే నొక్కి ఆడుకునేవాళ్లం, 'డుంగ్' మని తెర అంతా వణికేది. గొట్టం చుట్టూ తీగ చుట్ట ఒకటి ఉంది, దాంట్లోకి కరెంటు ఒక్కసారిగా జోరుగా వెళ్లి మెల్లగా తగ్గుతుంది, ఆ తగ్గడంలోనే రేకుకి పట్టింది వదులుతుంది. నొక్కాను, మచ్చ కొంచెం పలచబడింది. వెంటనే మళ్లీ నొక్కితే ఉలుకూ లేదు పలుకూ లేదు! ఆ కరెంటుని తగ్గించే చిన్న బిళ్ల వేడెక్కి ఉంటుందట, అది చల్లారేదాకా ఆగాలి. అరగంటకొకసారి చొప్పున సాయంత్రం దాకా నొక్కుతూ కూర్చున్నా. మచ్చ చిన్నదైంది గానీ పోలేదు.

సోమవారం అరండల్‌పేటలో ఒక పాత టీవీ మెకానిక్ దగ్గరికి వెళ్లా. ఇప్పుడాయన సెల్‌ఫోన్లే బాగుచేస్తున్నాడు. చెప్పగానే ముఖం వెలిగిపోయిందిరా ఆ మనిషికి. బల్ల కిందనుంచి దుమ్ము దులిపి, చేత్తో పట్టుకుని డీగాస్ చేసే తీగ చుట్ట ఒకటి తీశాడు, పిండి జల్లెడంత ఉంది, నల్ల టేపు చుట్టి, పక్కన నొక్కుడు స్విచ్. నొక్కినంతసేపే పనిచేస్తుంది. "వెనక మూత మాత్రం విప్పకండి సార్, లోపల పాతికవేల వోల్టులుంటాయి, ప్లగ్ పీకినా కొంత నిలవుంటుంది" అన్నాడు. రేకు వంగిపోయుంటే ఏ చుట్టా ఏం చేయలేదనీ, మీది స్పీకర్ అయస్కాంతం కాబట్టి బతికిపోయారనీ, హార్డ్ డిస్కులో దొరికే బలమైన బిళ్లయితే నమస్కారమేననీ అన్నాడు. డబ్బులు అడగలేదు, సాయంత్రానికి తెచ్చిమ్మన్నాడు.

ఇంటికొచ్చి మానిటర్ ఆన్ చేసి, తెర అంతా తెల్లగా పెట్టి, చుట్టని అద్దం ముందు పట్టుకుని నొక్కా. రంగులన్నీ హోలీలాగా తిరిగాయి, చేతిలో చుట్ట గుయ్యిమంటూ వణుకుతోంది, వేడెక్కుతోంది కూడా. కంగారులో అక్కడే వేలు తీసేశా. బావా, అరచేతి మచ్చ కాస్తా తెరంతా అయింది! ఒళ్లంతా చెమటలు. ఆయన చెప్పింది అప్పుడు గుర్తొచ్చింది, దగ్గరగా ఉండగా ఆపకూడదు. మన కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది, మధ్యలో తెంచితే ఏ వైపు ఊగి ఉంటే ఆ గుణమే రేకుకి అంటుకుపోతుంది.

చుట్ట చల్లారాక మళ్లీ మొదలుపెట్టా. ఈసారి అద్దం మీద గుండ్రంగా తిప్పుతూ, వేలు తీయకుండా, అంగుళం అంగుళం వెనక్కి నడిచా. మా ఆవిడ వెనక కుర్చీ జరిపింది, గుమ్మం దాటి వరండాలోకి వెళ్లేదాకా, ఆరేడు అడుగులు. అక్కడ చుట్టని తెరకి అడ్డంగా తిప్పి అప్పుడు వదిలా. చూస్తే తెర పాలలాగా తెల్లగా ఉంది. మూలలు కూడా.

ఇక అసలు విషయం. ఆయన ఇంకోటి కూడా చెప్పాడు, చుట్టుపక్కల క్యాసెట్లూ ఏటీఎం కార్డులూ పెట్టుకోవద్దని, వాటిలో ఉన్నది చెరిగిపోతుందని. కార్డు తీసి లోపల పెట్టా, వాచీ తీశా. కానీ నీ ఫ్లాపీల డబ్బా, ఫైనలియర్ ప్రాజెక్టూ నువ్వెవరికో రాసి పంపకుండా దాచుకున్న ఉత్తరాలూ ఉన్నాయన్నావే, అది మానిటర్ పక్కనే ఉందిరా. పని పూర్తయ్యాక చూశా. ఫ్లాపీ డ్రైవ్ ఉన్న సిస్టమ్ వన్ టౌన్‌లో మా తమ్ముడి స్నేహితుడి దగ్గర ఉందట, ఈ శనివారం బెజవాడ వెళ్లి పెట్టి చూస్తా. ఈలోగా వాటికి కాపీలేమైనా నీ దగ్గరున్నాయేమో చూడు. అత్తయ్యని అడిగానని చెప్పు.

నీ బావ