దొంగ వెండి, దొర ముద్ర: మన నాణేల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

మామూలు సంగతులు ముందు. జమాఖర్చుల తనిఖీ పూర్తయింది, నకలు కోశాధికారి దగ్గర చూసుకోవచ్చు. సభ్యత్వ రుసుములో మార్పు లేదు. పుస్తకాల జాబితా పని మాత్రం ఇంకా సాగుతూనే ఉంది.

ఇక ఈ ఏడాది మన సమావేశాలను ఆక్రమించిన విషయం: పాత కాలపు నకిలీ వెండి నాణేలు, వాటి మీది ప్రభుత్వ పైముద్రలు, అంటే తయారైన నాణెం మీద తర్వాత విడిగా కొట్టిన చిన్న ముద్రలు. 'పైముద్ర ఉందంటే అసలుదే' అన్న ధీమా మనలో చాలామందికి ఉండేది. చరిత్ర చూస్తే ఆ ధీమాకు పెద్దగా ఆధారం కనిపించదు.

1797 నాటి ఇంగ్లండు కథే తీసుకుందాం. వెండి నాణేలకు కటకట వచ్చి, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ తన దగ్గరున్న స్పానిష్ డాలర్ల (స్పెయిన్ వారి ఎనిమిది రియాళ్ల వెండి నాణేలు) మీద తమ రాజు మూడవ జార్జి తలను చిన్న కోడిగుడ్డు ఆకారపు ముద్రగా కొట్టించి, నాలుగు షిల్లింగుల తొమ్మిది పెన్నీలకు చలామణీలోకి వదిలింది. వెండి సామాను మీద పన్ను కట్టినట్టు వేసే ముద్రనే ఇందుకు వాడారు. అంత చిన్న ముద్రను చెక్కడం దొంగలకు ఎంతసేపు? తక్కువ వెండి నాణేల మీదా, పూత నాణేల మీదా అదే తల ప్రత్యక్షమైంది. అదే ఏడాది అక్టోబరులో బ్యాంకు ఆ డాలర్లను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. 1804లో ముద్రను పెద్దది చేసి అష్టకోణంలో కొట్టారు. దానికీ నకళ్లు పుట్టాయి. చివరికి బర్మింగ్‌హామ్‌లో బౌల్టన్ అనే ఆయన నడిపిన సోహో టంకశాలలో నాణెం మొత్తాన్నే కొత్త అచ్చుతో తిరగకొట్టించారు. ఆ నాణేల మీద పరీక్షగా చూస్తే కింద స్పానిష్ అక్షరాల జాడ ఇప్పటికీ కనబడుతుంది. నా మటుకు నాకు ఆ జాడే నాణెం కంటే ముచ్చటగా ఉంటుంది.

దక్షిణ అమెరికాలో స్పెయిన్ ఏలుబడిలో ఉండిన వెండి గనుల ఊరు పొటోసీ కథ దీనికి తిరగేసినట్టు ఉంటుంది. అక్కడ దొంగ బయటివాడు కాదు. కంచే చేను మేసింది: టంకశాల వాళ్లే వెండి శాతం తగ్గించి ఎనిమిది రియాళ్ల నాణేలు కొట్టారు. 1649లో గుట్టు రట్టయింది, వెండి వ్యాపారి గోమెజ్ దె లా రోచాకు 1650లో మరణశిక్ష పడింది. తర్వాత కొన్ని నాణేలను కిరీటపు పైముద్ర వేసి ఏడున్నర రియాళ్లకు చెల్లనిచ్చారు. అంటే ఈ ముద్ర 'ఇది మంచిది' అనడం లేదు, 'ఇది ఇంతకే చెల్లుతుంది' అంటోంది. 1652 నుంచి నాణెం రూపమే మార్చేశారు.

ఇంకా వెనక్కి, క్రీ.పూ. 375లో ఏథెన్స్ చేసిన చట్టంలో ముద్ర బదులు గాటు. నికోఫాన్ ప్రతిపాదించిన ఆ చట్టం చెక్కిన రాయి 1970లో తవ్వకాల్లో దొరికింది. సంతలో సరాబుల బల్లల మధ్య ప్రభుత్వ బానిస ఒకడు కూర్చుని నాణేలు పరీక్షించాలి. లోపల కంచో సీసమో తేలితే అక్కడికక్కడే కోసి గుడికి జమ చెయ్యాలి. అతను పని ఎగ్గొడితే 50 కొరడా దెబ్బలు. అలాగని గాటు పడిన ప్రతి గుడ్లగూబ నాణెమూ (ఏథెన్స్ వెండి నాణేల మీద ఆ పక్షి బొమ్మ ఉండేది) దొంగది కాదు. అనుమానంతో వర్తకులు పెట్టిన గాట్లూ ఉన్నాయి. గాటు అడుగున వెండే కనిపిస్తే ఆ నాణెం పరీక్షలో నెగ్గినట్టే. చైనా వర్తకులు డాలర్ల మీద కొట్టిన చాప్ ముద్రలనూ ప్రభుత్వ ముద్రల్లో కలపవద్దని మళ్లీ మనవి.

పరీక్ష పద్ధతికి వస్తే, ముందు నాణెం, తర్వాత ముద్ర. స్పానిష్ డాలరు బరువు 27 గ్రాములకు కాస్త అటూ ఇటూ. నీటిలో దారానికి వేలాడదీసి తూస్తే సుమారు 2.6 గ్రాములు తగ్గాలి. రాగి మీద వెండి పూత అయితే తగ్గుదల 3 గ్రాములకు చేరుతుంది. సీసం, తగరం తగుపాళ్లలో కలిపితే ఈ పరీక్షను కూడా ఏమార్చవచ్చు, కాబట్టి అంచు చూడక తప్పదు. రాజు బొమ్మ ఉన్న డాలర్ల అంచున వృత్తం, దీర్ఘచతురస్రం ఒకదాని పక్కన ఒకటి వస్తాయి. ఆ నగిషీని రెండు పట్టీల మధ్య దొర్లించి దించేవారు గనుక ఎదురెదురుగా రెండు చోట్ల అది ఒకదానిపై ఒకటి పడుతుంది. పోత పోసిన నకిలీలో అంచు చుట్టూ సన్నటి అతుకు గీత, దాన్ని రాసేసిన ఆకురాయి గీతలు దొరుకుతుంటాయి. లోహంలో ఏముందో చెప్పే ఎక్స్-రే యంత్రం పైపొరనే చదువుతుందని, దట్టమైన పూతను అది వెండి అనే చెబుతుందని మర్చిపోవద్దు.

ముద్ర దగ్గర చూడాల్సింది వెనకవైపు. నిజంగా సుత్తితో కొట్టిన ముద్ర అయితే సరిగ్గా దాని వెనక బొమ్మ కాస్త నలిగి, చదునై ఉంటుంది. ముద్ర గుంటలో గాలి బుడగల గుంతలు ఉండి, వెనక ఏ నలుగుడూ లేకపోతే అది నాణెంతో పాటే పోతలో వచ్చిన ముద్ర. నాణెం అరిగిపోయి ముద్ర ఒక్కటే నిగనిగలాడితే మాత్రం తొందరపడి తీర్పు చెప్పకండి, అరిగిన నాణెం మీద అసలు ముద్ర పడడం మామూలే.

వచ్చే ఏడాదికి కార్యవర్గం తీసుకున్న నిర్ణయం ఇది: సంఘం సేకరణలో ప్రతి పైముద్ర నాణేనికి చీటీ మీద నాణెం గురించి ఒక వరుస, ముద్ర గురించి వేరే వరుస రాయాలి. 'నకిలీ నాణెం, అసలు ముద్ర' అని తేలినవి పారేయం, ఆనాటి నకిలీలుగా విడిగా భద్రపరుస్తాం. పరీక్షకు తెచ్చేవారు నాణేన్ని తోమకుండా, పాలిష్ పెట్టకుండా ఉన్నదున్నట్టు తీసుకురావాలి. ఫోటో పంపేవారు రెండు వైపులతో పాటు అంచు ఫోటో కూడా జత చేయగలరు.

ఇట్లు,
కార్యదర్శి