బుజ్జమ్మకు

బుజ్జమ్మా,

ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మకు మోకాలి నొప్పి కాస్త తగ్గింది. పెరట్లో మునగ విరగకాసింది. కొన్నాళ్ళుగా నీ ఫోన్ లేదు, పని ఎక్కువగా ఉందేమో అనుకున్నాం. చర్చి దగ్గర సుధాకర్ బాబాయి కనిపించి, మీ కంపెనీలో చాలామందిని తీసేస్తున్నారట అన్నాడు. వాడి మాటలకేం, అన్నీ సగం సగం వింటాడు.

నిన్న రాత్రి ఎందుకో న్యూయార్క్‌లో నువ్వు మమ్మల్ని తీసుకెళ్ళిన ఆ కాట్జెస్ హోటల్ గుర్తొచ్చింది. లడ్లో వీధి మూలన, 1888 నాటిదని చెప్పావు. తలుపు దగ్గరే మనిషికో టికెట్ ఇచ్చారు. పోగొట్టుకుంటే 50 డాలర్లు కట్టాలని నువ్వనగానే మీ అమ్మ తన టికెట్‌ని కొంగున ముడేసుకుంది. పాస్ట్రామీ, అదే ఆ ఊరేసిన గొడ్డు మాంసం, కోసేవాడు మెషీన్ జోలికి పోకుండా, పొగలు కక్కే మాంసాన్ని పెద్ద కత్తితో చేత్తోనే కోశాడు. ముందు ఒక ముక్క రుచి చూడమని ప్లేటులో పెట్టాడు. అంచున నల్లటి పొర చూసి "మిరియాలు, ధనియాలు కదూ" అంది మీ అమ్మ. ఉప్పులో రోజుల తరబడి ఊరేసి, పొగబెట్టి, ఉడికించి, ఆవిరి పడతారని నువ్వు చెప్పావు. అందుకే నోట్లో పెడితే వెన్నలా విడిపోయింది. రై బ్రెడ్ మీద ఆ మస్టర్డ్ ఘాటు ముక్కుకెక్కింది, పక్కన ఊరేసిన దోసకాయలు. అంత రుచిగా ఉన్నా నువ్వు సగం కూడా తినలేదు. ఆఫీసు మెసేజ్ అంటూ ఫోనే చూస్తూ కూర్చున్నావు. ఈ గొడవ అప్పుడే మొదలైందా తల్లీ?

ఉద్యోగం పోతే వీసాకు 60 రోజులే గడువట. అలాంటిదేమైనా ఉంటే ఒక్కదానివే టెన్షన్ పడకు. ఇంటద్దె, ఇన్సూరెన్స్ సంగతి ముందు చూసుకో. క్రెడిట్ కార్డు మీద బతకొద్దు. పొద్దున్నే ఏదో ఒకటి తిను, ఖాళీ కడుపుతో కాఫీ తాగకు. ఇక్కడికి వచ్చేసినా మాకు సంతోషమే. ఎవరేమనుకుంటారోనని ఆలోచించకు.

ఆ హోటల్లో వేలాడే బోర్డు గుర్తుందా? సైన్యంలో ఉన్న మీ అబ్బాయికి సలామీ పంపండి అని, అదే ఆ నిల్వ ఉండే మాంసం సాసేజ్. రెండో ప్రపంచ యుద్ధంలో ఓనర్ల ముగ్గురు కొడుకులూ సైన్యంలో ఉన్నారని నువ్వు చెప్పిన దగ్గర్నుంచీ మీ అమ్మకు పార్సిల్ ధ్యాసే. కందిపొడి, గోంగూర పచ్చడి, మునగాకు కారం కట్టి పెట్టింది. పచ్చడి సీసాకు రెండు కవర్లు చుట్టించాను.

సోమవారం వేస్తాను. అడ్రసు మారితే ఈలోపే చెప్పు.

మీ నాన్న