మోయమోయ రోగుల ఉమ్మడి నమోదు హైదరాబాదులోనే మొదలుపెట్టాలి

సంపాదకుడిగారికి నమస్కారాలు.

ఏటా ఫిబ్రవరి చివరి రోజున అరుదైన వ్యాధుల దినం వచ్చినప్పుడు మన పత్రికల్లో, చానెళ్లలో కనిపించే వార్తలు చాలామటుకు కోట్ల రూపాయల ఇంజెక్షన్ల చుట్టూ, వాటికోసం పోగైన విరాళాల చుట్టూ తిరుగుతాయి. ఆ తల్లిదండ్రుల కష్టాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఏ ఇంజెక్షనూ లేని, ఏ మందుల కంపెనీకీ లాభం కనిపించని అరుదైన వ్యాధులు కూడా ఉన్నాయి. మెదడు ధమనులను క్రమంగా మూసివేసే మోయమోయ అటువంటిది. దాని మీద జరగవలసిన పరిశోధనకు డబ్బు కంటే ముందు ఓపిక కావాలి, ఆసుపత్రుల మధ్య పొత్తు కావాలి. అందుకే అన్ని ఆసుపత్రుల్లోని ఈ రోగుల వివరాలనూ ఒకేచోట రాసిపెట్టే ఉమ్మడి నమోదు కావాలని ఈ ఉత్తరం.

మెడ గుండా మెదడుకు వెళ్లే రెండు కెరోటిడ్ ధమనులు పుర్రె లోపల కొమ్మలుగా చీలేచోట ఈ వ్యాధిలో సన్నబడుతూ పోతాయి. ఆ లోటు తీర్చడానికి మెదడు అడుగుభాగాన సన్నని నాళాలు గుబురుగా పుట్టుకొస్తాయి. అవి చాలకపోతే పక్షవాతం వస్తుంది, చిట్లితే మెదడులో రక్తస్రావమవుతుంది. జపాన్ వైద్యులు టకెయుచి, షిమిజు 1957లో దీన్ని మొదట వర్ణించగా, 1969లో సుజుకి, టకాకు యాంజియోగ్రామ్‌లను పరిశీలించి ఆరు దశలుగా విభజించారు. ఎక్కువగా అయిదేళ్ల ప్రాయపు పిల్లల్లోనూ, నలభైలలో ఉన్న పెద్దల్లోనూ బయటపడుతుంది. ఆడవారిలో దాదాపు రెట్టింపు.

పిల్లల్లో దీని తీరు తెలియకపోతే ఎవరైనా మోసపోతారు. గట్టిగా ఏడ్చినప్పుడో, బుడగ ఊదినప్పుడో, వేడి పాలు ఊదుకుంటూ తాగినప్పుడో ఊపిరి వేగం పెరిగి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. దానితో మెదడులోని నాళాలు ముడుచుకుని, అప్పటికే అరకొరగా రక్తం అందుతున్న భాగానికి అదీ అందక, ఒక చేయో కాలో కాసేపు పడిపోతుంది. కొద్ది నిమిషాల్లో సర్దుకోవడంతో ఇంట్లో దిష్టి తీసి ఊరుకుంటారు, లేదా మూర్ఛ అనుకుని ఆ మందులు వాడిస్తారు. పక్షవాతం వచ్చినవారికి ఫిజియోథెరపీ చేసే వృత్తిలో ఉన్నదాన్ని కనుక, శాశ్వతంగా చేయి పడిపోయిన తరువాతే అసలు జబ్బు పేరు విన్న కుటుంబాలను చూశాను. వాళ్ల చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. ఒక ఆసుపత్రి ఎంఆర్ఐ, మరొకచోటి యాంజియోగ్రామ్ సీడీ, మూడోచోటి ఆపరేషన్ కాగితాలు అన్నీ అందులోనే. ఆ మూడు ఆసుపత్రులనూ కలిపేది ఆ కవరు ఒక్కటే.

ఈ వ్యాధిని ఆపే మందు లేదు. ఆస్పిరిన్ ఇస్తారు, నెత్తి చర్మానికి రక్తం ఇచ్చే ధమనిని తీసుకుని మెదడు ధమనికి అతికిస్తారు (దీన్నే బైపాస్ అంటారు), లేదా మెదడు పైపొర మీద పరిచి కొత్త నాళాలు మొలిచేదాకా ఎదురుచూస్తారు. ఈ శస్త్రచికిత్సలు మన నగరంలోనూ జరుగుతున్నాయి. అయితే ఎవరికి, ఏ దశలో, ఏ పద్ధతి మేలు చేస్తుందన్నది ఏ ఒక్క ఆసుపత్రి అనుభవంతోనూ తేలే విషయం కాదు. జపాన్‌లో రక్తస్రావమైన పెద్దవారి మీద 22 ఆసుపత్రులు కలిసి 2001లో ఒక పరీక్ష మొదలుపెడితే, 80 మందిని చేర్చుకోవడానికే 2008 వచ్చింది. ఒక్కొక్కరినీ అయిదేళ్లు గమనించి, 2014లో ఫలితాలు ప్రకటించారు. బైపాస్ చేసినవారిలో 11.9 శాతం మందికి, చేయనివారిలో 31.6 శాతం మందికి మళ్లీ రక్తస్రావమైంది. అంత తేడా కనిపించినా, మనుషులు తక్కువ కావడం వల్ల అది కాకతాళీయం కాదని గణాంకాల ప్రకారం అంచుమీద మాత్రమే తేలింది. వ్యాధి ఎక్కువగా కనిపించే దేశంలోనే పరిస్థితి ఇది. విడివిడిగా పనిచేసే మన ఆసుపత్రులు ఏం తేల్చగలవు?

జన్యువుల సంగతీ ఇంతే. 2011లో జపాన్ పరిశోధకులు ఆర్ఎన్ఎఫ్213 అనే జన్యువుకూ ఈ వ్యాధికీ సంబంధం కనుగొన్నారు. జపాన్, కొరియా రోగుల్లో అత్యధికుల్లో ఉన్న ఒకే మార్పు ఐరోపా సంతతి రోగుల్లో దాదాపు కనిపించదు. కాబట్టి అక్కడి లెక్కను ఇక్కడికి తెచ్చుకోలేం. తరతరాలుగా సొంత సమూహంలోనే పెళ్లిళ్లు చేసుకున్న మన సమాజాల్లో ప్రత్యేకమైన జన్యువ్యాధులు వెతకవలసి ఉందని హబ్సిగూడలోని జీవకణ, జన్యు పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2017లోనే చెప్పారు. వెతికే ప్రయోగశాల మన ఊళ్లోనే ఉంది. నమూనాలే ఒకచోట చేరడం లేదు.

మరో విషయం కూడా ఉంది. సికిల్ సెల్ రక్తహీనత ఉన్న పిల్లల్లోనూ మెదడు ధమనులు ఇదే చోట సన్నబడతాయి. ఆదిలాబాద్ ఏజెన్సీలో ఆ పిల్లలు ఉన్నారు, 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద వాళ్లకు రక్త పరీక్షలూ జరుగుతున్నాయి. తల మీద పెట్టి రక్తవేగాన్ని కొలిచే డాప్లర్ పరీక్షతో ముప్పు ఉన్నవారిని గుర్తించి క్రమం తప్పక రక్తం ఎక్కిస్తే మొదటి పక్షవాతం 90 శాతం దాకా తగ్గుతుందని 1998లో అమెరికాలో నిరూపితమైంది. రక్త పరీక్షతో ఆగిపోకుండా ఆ డాప్లర్ కూడా చేయించి, ఆ వివరాలనూ ఇదే నమోదులోకి తేవచ్చు.

పరిశోధన అనగానే జనం భయపడడానికి కారణం ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో పరిశోధనలో భాగంగా బాలికలకు వేసిన హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ) టీకా విషయంలో అమ్మానాన్నలకు బదులు హాస్టల్ వార్డెన్లే సమ్మతి పత్రాల మీద సంతకాలు చేశారని పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో తప్పుపట్టింది. నేను కోరుతున్నది కొత్త మందు పరీక్ష కాదు. జరిగిన చికిత్సను రాసి పెట్టుకుని, ఏటా రోగి ఎలా ఉన్నాడో కనుక్కోవడమే. అయినా తెలుగులో చదివి వినిపించిన సమ్మతి పత్రం, ఎప్పుడైనా తప్పుకునే హక్కు, పేర్లు బయటికి రాకుండా కట్టుదిట్టం తప్పనిసరి. పరిశోధన న్యాయంగా జరుగుతోందా అని చూసే ఎథిక్స్ కమిటీలో రోగుల తరఫున ఒకరు ఉండాలని కూడా నా అభిప్రాయం.

2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద ఉప్పల్‌లోని డీఎన్ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీని, నిమ్స్ ఆసుపత్రిని కలిపి హైదరాబాదు ప్రత్యేక కేంద్రంగా గుర్తించారు. ఉమ్మడి నమోదు బాధ్యతను ఆ కేంద్రానికే అప్పగించి, నిలోఫర్, గాంధీ, ఉస్మానియాలతో పాటు ఈ ఆపరేషన్లు చేసే ప్రైవేటు ఆసుపత్రులు కూడా వివరాలు ఇచ్చేలా రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ ఉత్తర్వు జారీ చేయాలని కోరుతున్నాను. ఇందుకు కొత్త భవనం అక్కరలేదు. వివరాలు సేకరించి, ఏడాదికోసారి ఫోన్ చేసే ఒక నర్సు, వాటిని సరిచూసే ఒక న్యూరాలజిస్టు ఉంటే మొదటి ఏడాదికి సరిపోతుంది. ఆ జీతాలు ఆరోగ్యశ్రీ ట్రస్టు భరించినా సరే, పరిశోధన నిధుల నుంచి ఇచ్చినా సరే.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
తార్నాక, హైదరాబాదు