అది సుత్తి పని కాదు, ఇసుక అచ్చు పని

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం అనుబంధంలో పాత తోట బెంచీల మీద వచ్చిన వ్యాసం ఇష్టంగా చదివాను. విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులో తయారైన ఆకుల బెంచీలను 'కమ్మరి సుత్తితో మలిచాడు' అన్న ఒక్క మాట మాత్రం గుచ్చుకుంది. ముప్పై ఏళ్లు ఫౌండ్రీలో అచ్చులు కట్టాను, ఊరుకోలేక రాస్తున్నాను.

కమ్మరులు చేసిన తోట బెంచీలూ లేకపోలేదు. అవి అంతకుముందు తరానివి, ఇనుప కమ్ములూ బద్దీలూ వంచి కట్టినవి. మీ ఫొటోలోని ఫెర్న్ ఆకుల బెంచీ పోత ఇనుము. చెక్కతో నమూనా చెక్కి, తడి ఇసుకలో దిమ్మిసా కొట్టి, నమూనా పైకి తీసి, ఆ గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. వీపు, చేతులు విడివిడిగా పోసి బోల్టులతో బిగిస్తారు. కూర్చునేచోట చాలావాటికి చెక్క పలకలే.

వీటికి పేరుమోసిన ఊరు ష్రాప్‌షైర్‌లోని కోల్‌బ్రూక్‌డేల్. 1709లో అబ్రహాం డార్బీ కోక్‌తో, అంటే గాలి తగలకుండా కాల్చిన రాతిబొగ్గుతో, ఇనుము తీసింది అక్కడే. అక్కడి కంపెనీ 'ఫెర్న్ అండ్ బ్లాక్‌బెర్రీ' నమూనాను 1858లో రిజిస్టర్ చేయించింది. ఇంగ్లండులో ఇళ్లల్లో ఫెర్న్ మొక్కలు పెంచే పిచ్చి ముదిరిన రోజులవి. తర్వాత వృక్షశాస్త్రం చదివిన క్రిస్టఫర్ డ్రెస్సర్ కూడా ఆ కంపెనీకి డిజైన్లు గీశాడు.

ఒకసారి చెయ్యి విరిగిన బెంచీ ఒకటి మా దగ్గరికి వచ్చింది. వీపు వెనక పొరలు కట్టిన రంగును గుండుసూదితో మెల్లగా గీకితే వజ్రం ఆకారంలో చిన్న ముద్ర, దాని పైకొసన 'బి' అక్షరం బయటపడ్డాయి. డిజైన్ రిజిస్టరైందని చెప్పే ముద్ర అది, అందులో 'బి' అంటే 1858. అది డిజైన్ రిజిస్టరైన సంవత్సరమే గాని బెంచీ పోసిన సంవత్సరం కాదు. ఒకే నమూనాతో ఏళ్ల తరబడి పోసేవారు.

పాత బెంచీనే నమూనాగా పెట్టి పోసిన నకళ్లకూ ఆ ముద్ర వస్తుంది, కాకపోతే మొద్దుబారి. చల్లారేటప్పుడు పోత ఇనుము అడుగుకు దాదాపు అరపావు అంగుళం కుంచించుకుపోతుంది. ఆరడుగుల వీపు నకలులో ముప్పావు అంగుళం తగ్గుతుంది. ఆకు ఈనెలు వేలికి తగలవు. అల్యూమినియం నకలైతే అయస్కాంతం అంటుకోదు.

ఆ ఈనెలు చెక్కినవాడి పేరు, ఇసుక కట్టినవాడి పేరు బెంచీ మీద ఉండవు. కనీసం వాళ్ల పనిని ఇంకొకరి ఖాతాలో వేయకండి. వచ్చే ఆదివారం ఆ వాక్యం సవరించి వేయగలరని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ మౌల్డర్