కిట్టూకి, ప్లగ్ వైర్ల సంగతి

నాన్నా కిట్టూ,

ఇక్కడ అందరం కులాసా. నాన్నగారి మోకాలు ఎప్పటిలాగే ఉంది. గౌరి ఈనింది, పెయ్యదూడ. మొన్న మంగళవారం పెద్దత్త మీ వీధిలోకి వచ్చిందట. పదకొండింటికి నువ్వు బానెట్ ఎత్తుకుని, చేతుల నిండా గ్రీజుతో నిలబడి ఉన్నావట. “ప్లగ్ వైర్లు మార్చాను, బండి స్టార్ట్ కావట్లేదు” అన్నావట. పనిదినం పూట పదకొండింటికి ఇంటి దగ్గర ఎందుకున్నావని నేను అడగడం లేదు. సెలవు పెట్టి ఉంటావు. ఫోను ఎత్తడం లేదు కనక కారు సంగతే రాస్తున్నాను.

ముందు సెల్ఫ్ కొట్టి విను. టిక్ టిక్ అని ఊరుకుంటే అది వైర్ల గొడవ కాదు, బ్యాటరీ. అన్నిసార్లు సెల్ఫ్ కొట్టావంటే దిగిపోయే ఉంటుంది. మల్టీమీటరు పెడితే 12.6 వోల్టులు ఉండాలి, 12.2 కన్నా తగ్గితే ఛార్జింగుకి ఇవ్వు. ఇంజన్ గిరగిరా తిరుగుతూ పట్టుకోకపోతేనే కింద రాసినవి చూడు. ఒక్కసారికి పది సెకన్లకు మించి కొట్టకు, మధ్యలో అర నిమిషం ఆగు. సెల్ఫ్ మోటారు కాలితే ఖర్చు. నెల జీతం వచ్చే వాడికైనా ఖర్చే.

మన మారుతి 800కి మూడు సిలిండర్లు, కాలే వరస 1-3-2. టైమింగ్ బెల్టు వైపున్నది ఒకటి. డిస్ట్రిబ్యూటర్ అంటే ఒక్కో ప్లగ్గుకి వంతులవారీగా నిప్పు పంచే డబ్బా. దాని క్యాప్ తీసి, ఎవరినైనా ఒక్క క్షణం సెల్ఫ్ కొట్టమని లోపల తిరిగే రోటర్ ఎటు తిరుగుతోందో చూడు. ఆ దిక్కులోనే వరస లెక్కపెట్టాలి. రెండు వైర్లు తారుమారైతే ఒక్క సిలిండరే సరిగ్గా కాలుతుంది. ఇంకోటి గాలి పీల్చే వేళ అంటుకుని కార్బురేటర్‌లోంచి వెనక్కి తంతుంది, మూడోది పొగ వదిలే వేళ అంటుకుని సైలెన్సర్‌లో టప్పుమంటుంది. మూడూ ఒక్కో చోటు జరిగాయంటే ఏదీ సరిగ్గా కాలదు. అందుకే ఎయిర్ క్లీనర్ విప్పి మొహం అక్కడ పెట్టి చూడకు. నీకా అలవాటు ఉంది.

పాత వైర్లన్నీ ఒకేసారి పీకేసి ఉంటావు. ఒకటి తీసి ఒకటి పెట్టాలి, పొడుగుకి పొడుగు చూసుకుని. సరే, ఇప్పుడు ఒకటో నంబరు ఏ టవరో, అంటే క్యాప్ మీద వైరు తగిలించే ఏ గొట్టమో తెలియకపోతే ఇలా చెయ్యి. బండి తాళంచెవి బయటికి తీసేసి, మూడు ప్లగ్గులూ విప్పి, నాలుగో గేరులో పెట్టి బండిని మెల్లగా ముందుకు తోయించు. ఒకటో రంధ్రం మీద బొటనవేలు పెట్టు. లోపలి గాలి వేలిని నెడుతోందంటే పిస్టన్ పైకి వస్తోందన్నమాట. అప్పుడు ప్లాస్టిక్ స్ట్రా దింపు. అది పైకి వచ్చి ఆగిన చోట బండి ఆపి, రోటర్ ఏ టవరుకి ఎదురుగా ఉందో చూడు. అదే ఒకటి. తోయడానికి పక్కింటి అబ్బాయిని పిలు, ఆ టైములో ఇంట్లో ఉండేవాళ్ళు ఇంకెవరూ దొరకరేమో.

వరస సరిగ్గా ఉన్నా పట్టుకోకపోతే మీ భీమవరం బాబాయి పెళ్ళికారు గుర్తు తెచ్చుకో. నీకప్పుడు ఆరేళ్ళు, గుర్తుండదులే. పెళ్ళికి ముందురోజు కొత్త వైర్లు వేయించాడు. తెల్లారి పూలదండలు కట్టారు, బ్యాండు వాళ్ళొచ్చారు, పెళ్ళికొడుకు ఎక్కి కూర్చున్నాడు, బండి ఉలకదు పలకదు. ఒక మెకానిక్ పెట్రోలు పంపు అన్నాడు. పంపు మార్చారు. ఇంకొకాయన వోల్టులు పెంచే కాయిల్ అన్నాడు. అదీ మార్చారు. ఆ లోపు మీ తాతయ్య కాలవగట్టు మీద పదిమందిని పెట్టి తోయించాడు, ఎవడి పంచె ఎవడు తొక్కాడో తెలియలేదు. ముహూర్తం దగ్గర పడి పెళ్ళికొడుకుని ట్రాక్టరు మీద తీసుకెళ్ళారు. సాయంత్రం ఎవరో కాయిల్ నుంచి క్యాప్ మధ్యకి వచ్చే వైరు పీకి, రబ్బరు టోపీ వెనక్కి మడిచి చూస్తే, లోపలి ఇత్తడి క్లిప్పు పైకి జరిగిపోయి ఉంది. రబ్బరు మాత్రం టవరు మీద చక్కగా కూర్చునే ఉంది. పైనుంచి చూసేవాడికి ఏ లోపమూ కనబడదు.

నువ్వు కూడా అన్ని టోపీలూ అలా మడిచి చూడు. క్లిప్పు అంచుదాకా రావాలి, నొక్కితే టక్కుమని తెలియాలి. మధ్య వైరు ఊడితే మూడింటికీ నిప్పురవ్వ ఉండదు. టవర్ల లోపల పచ్చగా చిలుము పట్టిందేమో, క్యాప్ నడిమి కార్బన్ ముక్క ఉందో లేదో, క్యాప్ క్లిప్పులు రెండూ పడ్డాయో లేదో, కాయిల్ మీది సన్న వైరు నీ మోచెయ్యి తగిలి ఊడిందేమో కూడా చూడు. మల్టీమీటరుతో కొలిస్తే వైరు రెసిస్టెన్స్ ఒక్కో మీటరు పొడుగుకి 10 నుంచి 22 కిలో ఓముల లోపు రావాలి. కొత్తదే కదా అని వదిలెయ్యకు, కొత్తవాటిలోనూ తెగినవి ఉంటాయి.

నిప్పు చూడాలంటే వైరుకి పాత ప్లగ్గు తగిలించి, దాని ఒంటిని ఇంజన్ ఇనుముకి ఆనించి, జంపర్ క్లిప్పుతో బిగించు. చేత్తో పట్టుకోవద్దు, వేల వోల్టులు. దగ్గర్లో పెట్రోలు గుడ్డలుంటే తీసేయ్.

ఇన్నిసార్లు కొట్టాక ప్లగ్గులు తడిసే ఉంటాయి. చోక్ లోపలికి నెట్టెయ్. ప్లగ్గులు తీసి ఆరబెట్టు, గ్యాప్ 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు. బిగించేటప్పుడు మొదట చేత్తోనే తిప్పు, హెడ్డు అల్యూమినియం, మర పోతే మళ్ళీ రాదు. రాత్రిపూట చెయ్యకు. అన్నం తిని చెయ్యి. నిద్ర పడుతోందా? ఆఫీసులో ఏమన్నా అంటే అననీ, ఉద్యోగాలు వస్తాయి పోతాయి అని నాన్నగారు అంటున్నారు, ఊరికే, మాటవరసకి.

శనివారం మామయ్య విజయవాడ వస్తున్నాడు. మీటరు, గోంగూర పచ్చడి ఇచ్చి పంపుతున్నాను. పచ్చడి సీసా మూత మీద నూనె చూసుకుని తెరువు. తొమ్మిదింటికి వస్తాడు. ఆఫీసుంటే తాళం ఇంటి ఓనరు గారికి ఇచ్చి వెళ్ళు, లేకపోతే నువ్వే ఉండు.

అమ్మ