గ్రీకు టిరన్నోస్ అంటే క్రూరుడేనా?

సంపాదకుల వారికి,

ప్రాచీన గ్రీకుల 'టిరన్నోస్'ను మనం వెంటనే క్రూర నియంత అని రాసేస్తాం. నిజానికి చట్టాన్ని దాటి అధికారం పట్టినవాడని దాని అర్థం. ఏథెన్స్‌ను ఏలిన పీసిస్ట్రాటస్‌నే చూడండి. తన ఒంటికి తానే గాయాలు చేసుకుని, శత్రువులు చంపబోయారని చెప్పి, ప్రజలిచ్చిన దుడ్డుకర్రల అంగరక్షకులతోనే క్రీ.పూ. 561 ప్రాంతంలో కోటను పట్టాడు. రెండుసార్లు వెళ్లగొట్టినా తిరిగొచ్చాడు. ఇదంతా మోసమే, కాదనను. కానీ పేద రైతులకు సాగు కోసం అప్పులిచ్చాడు. రాళ్ల నేల తవ్వుతున్న ఒక రైతు, ఎదుట ఉన్నది అతనేనని తెలియక, "ఇక్కడ పండేవి ఒళ్లునొప్పులే, వాటిలోనూ పదోవంతు పీసిస్ట్రాటస్‌కే" అన్నాడట. ఆ రైతుకు పన్నులన్నీ మాఫీ చేశాడని చెబుతారు. క్రీ.పూ. 527లో అధికారంలో ఉండగానే జబ్బుచేసి పోయాడు. మీ విద్యా పేజీలో 'నియంత' అని రాసినప్పుడు ఈ రైతు సంగతి కూడా దయచేసి వేయండి.

– ఒక చరిత్ర ఉపాధ్యాయుడు