బాగానే ఉన్నానని చెప్పకు తల్లీ

కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా
2023 జనవరి 22, ఆదివారం

బుజ్జీ,

ఫోనులో ఎప్పుడు అడిగినా "బాగానే ఉన్నానమ్మా" అంటావు. అందుకే రాస్తున్నాను. ఉత్తరానికైతే వెంటనే జవాబు చెప్పక్కర్లేదు. మనసుకి వీలైనప్పుడు చదువుకో.

పండక్కి వచ్చినప్పుడు నిన్ను చూస్తూనే ఉన్నాను. తెల్లవారుజామున లేచి చూస్తే నీ గదిలో ఇంకా ఫోను వెలుగుతూనే ఉండేది. భోగి మంట దగ్గరికి పిలిస్తే తలనొప్పి అన్నావు. నీకు ప్రాణమని చేసిన జీడిపప్పు కూర రెండు ముద్దలు తిని లేచిపోయావు. పుస్తకం తెరిచి ఒకే పేజీ ముందు ఎంతసేపు కూర్చున్నావో! "బద్ధకం పట్టుకుంది, హాస్టల్‌కి వెళ్తే అదే సర్దుకుంటుంది" అన్నారు మీ నాన్న. ఆయన బెంగకొద్దీ అన్న మాటే గానీ, నేను ఒప్పుకోలేదు. బద్ధకం పట్టినవాళ్లు హాయిగా నిద్రపోతారు. నీకు ఆ నిద్రే లేదు.

ఊళ్లో ఇంటింటికీ తిరిగే నర్సు పని, ఈ ఏఎన్ఎం ఉద్యోగం నాకు నేర్పిన పెద్ద విద్య, మనిషిని ఎలా అడగాలన్నది. 2020 వేసవిలో ఆశా కార్యకర్తా నేనూ ఇంటింటికీ కరోనా సర్వేకి తిరిగేటప్పుడు "జ్వరం ఉందా" అంటే ఉందన్నవాళ్లే లేరు. ఉందంటే క్వారంటైన్‌కి తీసుకుపోతారని భయం. వెరావల్‌లో చిక్కుకుపోయిన మన మత్స్యకారులు గుజరాత్ నుంచి బస్సుల్లో వచ్చినప్పుడు, చెన్నై నుంచి కూలీలు వచ్చినప్పుడు, జనం వాళ్లని ఎంత దూరం పెట్టారో అందరూ చూశారు కదా. దగ్గు వస్తే దుప్పటి ముసుగేసుకుని దగ్గేవాళ్లు. అప్పుడు నేను అడిగే పద్ధతి మార్చాను. రాత్రి ఏం తిన్నారు, రుచి తెలిసిందా, బోరింగు దాకా నడిస్తే ఆయాసం వచ్చిందా అని అడిగితే నిజం బయటికొచ్చేది. అలా చెప్పినవాళ్లని ముందే ఆసుపత్రికి పంపగలిగాం. దాచుకున్నవాళ్లలో కొందరిని ఆక్సిజన్ 80కి పడిపోయాక అంబులెన్స్ ఎక్కించాల్సి వచ్చింది.

నిన్నూ అలాగే అడుగుతున్నాను. రాత్రి ఎన్నింటికి నిద్ర పడుతోంది? అన్నం ఆకలేసి తింటున్నావా, మెస్ టైమైందని తింటున్నావా? షటిల్ ఆడటం ఎప్పుడు మానేశావు? ఇదివరకు నవ్వు వచ్చే విషయాలకి ఇప్పుడూ నవ్వు వస్తోందా? ఇవన్నీ రెండు వారాలు దాటి, దాదాపు రోజూ ఉంటున్నాయంటే డాక్టరుకి చెప్పాల్సిన సంగతే. అది డిప్రెషన్ అవునో కాదో తేల్చాల్సింది కూడా డాక్టరే, నువ్వూ నేనూ కాదు.

ఇంకో మాట కూడా సూటిగా అడుగుతున్నాను. చచ్చిపోతే బాగుండునని ఎప్పుడైనా అనిపించిందా? అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని ఇళ్లలో ఈ మాట ఎత్తడానికే భయపడతారు. అడిగినంత మాత్రాన ఎవరికీ ఆ ఆలోచన పుట్టదు. ఉన్నవాళ్లకి చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది, అంతే. నీకు ఒక్కసారి అనిపించినా సరే, అర్ధరాత్రి అయినా సరే నాకు ఫోన్ చెయ్యి. నేను ఏడవను, తిట్టను. నాకు చెప్పలేకపోతే 14416కి చెయ్యి. అది టెలి మానస్, మనసు బాగోలేనివాళ్లు ఫోన్లో మాట్లాడుకునే హెల్ప్‌లైన్, కేంద్ర ప్రభుత్వం కిందటి అక్టోబర్ 10న మొదలుపెట్టింది. డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఈ ఉత్తరం చదవడం ఆపి నంబర్ ముందు ఫోన్లో సేవ్ చేసుకో.

"నాకేం కష్టం వచ్చిందని ఇలా అయిపోయాను, అందరూ బాగానే ఉన్నారు కదా" అని పండగలో ఒకసారి నోరు జారావు. ఏం కష్టం వచ్చిందో నేను చెప్తాను, విను. ఇంటర్ పరీక్షలు రాసేసరికి లాక్‌డౌన్. ఎంసెట్ వాయిదాల మీద వాయిదాలు పడి సెప్టెంబర్‌లో జరిగింది. అన్ని నెలలూ ఒకే పుస్తకాలు, ఒకటే టెన్షన్. ఇంజినీరింగ్ మొదటి సంవత్సరమంతా మేడ మీద సిగ్నల్ కోసం నిలబడి విన్నావు. ఉన్న ఒక్క ఫోనూ తమ్ముడికీ నీకూ. నేను డ్యూటీ నుంచి వచ్చి వేరే గదిలో ఉండిపోతే వంటంతా నీదే, మామ్మ మందులు కూడా నీవే చూసుకున్నావు. 2021 మే నెలలో తాతయ్య పోయారు. నీకు అక్షరాలు దిద్దించిన మనిషి. దహనానికి ఇంట్లోవాళ్లం నలుగురం వెళ్తే నువ్వు వీధి గుమ్మంలో నిలబడిపోయావు. దినకార్యం రోజున నీకు ఆన్‌లైన్ పరీక్ష ఉంది, రాశావు. ఆ ఏడుపు నువ్వు ఇప్పటికీ ఏడవలేదమ్మా.

2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మన ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. అయినా తెల్లారాక ఊరు ఊరంతా బయటికొచ్చింది. పడిపోయిన చెట్ల మీద కూర్చుని కలిసి ఏడ్చారు, బడి దగ్గర కలిసి వండుకుని తిన్నారు. కరోనాలో ఎవరి ఏడుపు వాళ్ల గదిలోనే ఉండిపోయింది. అందుకే అందరూ బాగున్నట్టు కనిపిస్తారు. మొదటి ఏడాదిలోనే ప్రపంచవ్యాప్తంగా ఆందోళన, డిప్రెషన్ 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ కిందటి మార్చిలో చెప్పింది. యువత మీద, ఆడవాళ్ల మీద ఎక్కువ దెబ్బ పడిందనీ చెప్పింది. నీ క్లాసులో ఎంతమంది రాత్రిళ్లు మేలుకుని ఉన్నారో నీకు తెలియదు, నువ్వు మేలుకున్నట్టు వాళ్లకీ తెలియదు.

నీ గుండెదడ సంగతి. రెండో వేవ్‌లో రాత్రిపూట నా సంచిలోంచి ఆక్సీమీటర్ తీసి మళ్లీ మళ్లీ వేలికి పెట్టుకునేదానివి, 98 చూపించినా నమ్మకం కుదిరేది కాదు. ఇప్పుడు పరీక్ష హాల్లో మళ్లీ అలాగే అవుతోందన్నావు. ఊపిరి అందనట్టు, వేళ్లు తిమ్మిరెక్కినట్టు. భయంలో మనకి తెలియకుండానే గబగబా ఊపిరి తీస్తాం. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లూ పెదాలూ తిమ్మిరెక్కుతాయి. ఇలాంటివి ఎక్కువగా పది నిమిషాల్లో తారస్థాయికి చేరి, ఆ తర్వాత దిగిపోతాయి. అలా వచ్చినప్పుడు ఊపిరి తీయడం గురించి ఆలోచించకు. వదిలేటప్పుడు నెమ్మదిగా, తీసినదానికంటే ఎక్కువసేపు వదులు. అయినా గుండె, థైరాయిడ్ ఒకసారి చూపించుకోవాలి. హిమోగ్లోబిన్ కూడా చూపిద్దాం. ఆడపిల్లలకి 12 కంటే తక్కువుంటే రక్తహీనతే, దానికీ నీరసం ఉంటుంది.

రెండు సబ్జెక్టులు ఉండిపోయాయని దిగులు పడుతున్నావు. రెండేళ్లు ఫోన్లో టిక్కులు పెట్టి పరీక్షలు రాసిన చెయ్యి, ఒక్కసారిగా మూడు గంటలు కాగితం మీద రాయమంటే రాస్తుందా? అది అలవాటు తప్పడమే. రోజూ ఒక పాత ప్రశ్నకి గడియారం పెట్టుకుని చేత్తో జవాబు రాయి, ఇరవై నిమిషాలు చాలు. ఒంటరిగా గదిలో వద్దు, నీ రూమ్మేట్ పక్కన కూర్చుని రాయి. రాత్రి ఫోను మంచానికి దూరంగా ఛార్జింగ్ పెట్టు. ఎప్పుడు పడుకున్నా పొద్దున్న ఒకే వేళకి లేచి కాసేపు ఎండలో నడువు. ఇవి చేస్తే అంతా పోతుందని చెప్పను. డాక్టరు చేసే పనికి ఇవి తోడు, అంతే.

డాక్టరంటే నీకేం గుర్తొస్తుందో తెలుసు. మన వైపు ఎవరైనా తేడాగా మాట్లాడితే "వాల్తేరు పంపించాలి" అని ఎగతాళి చేస్తారు. నాకు ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. విశాఖ చినవాల్తేరులోని ఆ మానసిక ఆసుపత్రిలో ఓపీకి వచ్చేవాళ్లలో నీలాంటి చదువుకునే పిల్లలుంటారు, ఉద్యోగస్తులుంటారు, చూపించుకుని ఇంటికి వెళ్లిపోతారు. ప్లేస్‌మెంట్స్‌లో తెలిసిపోతుందని భయపడకు. వైద్యం వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టమే చెబుతోంది. మాత్రలు రాస్తారో, మాట్లాడి పంపిస్తారో వాళ్లు చూసుకుంటారు. రాస్తే మాత్రం, డిప్రెషన్ మందులు చాలావరకు పనిచేయడం మొదలవడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. నాలుగు రోజులు వేసుకుని ఏం లాభం లేదని మానకూడదు, తగ్గిందని సొంతంగా కూడా ఆపకూడదు.

మీ నాన్నతో నేను మాట్లాడాను. సెమిస్టర్ పోతే పోయింది, పిల్ల ముఖ్యం అన్నారు. సంబంధాల ఊసు మీ అత్త ఎత్తితే, చదువు అయ్యేదాకా ఆ మాట వద్దని ఆయనే చెప్పేశారు. ఆ రెండు బరువులూ దించుకో.

ఈ ఉత్తరం మన వీధి అబ్బాయి రేపు విశాఖ వస్తుంటే అతని చేత పంపుతున్నాను. గురువారం జెండా పండగ అయ్యాక సోంపేటలో రైలెక్కి రాత్రికి వస్తాను, మీ పెదనాన్న ఇంట్లో ఉంటాను. శుక్రవారానికి సెలవు పెట్టాను. ఉదయం రక్తపరీక్షలు, తర్వాత ఓపీ. నువ్వు లోపల ఒక్కదానివే మాట్లాడతానంటే నేను బయటే కూర్చుంటాను. ఆధార్ కార్డు, నువ్వు ఇప్పటికే వాడుతున్న మాత్రలేమైనా ఉంటే అవి దగ్గర పెట్టుకో. నేను వచ్చేలోపు రోజూ పొద్దున్నే రాత్రి ఎన్నింటికి పడుకున్నావో ఒక్క మెసేజ్ పెట్టు, అంకె ఒక్కటి రాస్తే చాలు.

మీ అమ్మ